మౌకి గదికి దిష్టిచుక్క

విచారణ సంఘం పెద్దలకూ, అడుగూరు పురప్రజలకూ, మన పైకప్పుల మీదుగా ఈదుతూ పోయే సమస్త మత్స్యజాతికీ, పిల్లా జోగేష్ అనే నేను చేతులు జోడించి, మోకాళ్ళ మీద వాలి, తల నేలకి ఆనించి చెప్పుకుంటున్న క్షమాపణలివి. ఈ చిట్టాలో అక్షర దోషాలున్నాయి, క్షమించండి. పదకొండు చోట్ల టీ మరకలున్నాయి, క్షమించండి. ఆవుకి మొప్పలు గీశాను, గోజాతి పెద్దమనసు చేసుకోవాలి. ఆకాశానికి రంగు తప్పు వేశాను, అది ఎంత పైన ఉన్నా ఈ మాట దాని చెవిన వెయ్యండి. ఇంత పనికిమాలిన రాతని మీ అమూల్యమైన కళ్ళ ముందు పెడుతున్నందుకు ఈ చేతుల్ని నరుక్కుందామనుకున్నాను. రెండో చేతిని నరకడానికి మొదటి చెయ్యి ఉండదు కదా అని ఆగాను.

మీరు నన్ను అడిగింది ఒక్కటే. నూకరత్నం గారిని పైకి పంపాలా, ఇక్కడే ఉంచాలా అన్నది తేల్చాలి, ఆ ఇంట్లో పనిచేసిన వాడివి కాబట్టి నీ పని చిట్టా ఇమ్మన్నారు. కొత్తగా దిగినవాళ్ళు కంగారుపడొద్దు. మన ఊళ్ళో పైకి పంపడమంటే నేల మీదకి పంపడమే. పోయినేడు మా వీధిలో ఒకాయన పైకి వెళ్ళాడని తెలిసి సగంమంది ఏడుస్తూ వచ్చారు, సగంమంది "అయ్యో, మామిడికాయలు తెమ్మని చెప్పాల్సింది" అంటూ వచ్చారు. కానీ డెబ్భై ఏళ్ళు దాటిన మనిషిని పైకి పంపితే మళ్ళీ కిందికి దిగనివ్వరు, ఊపిరితిత్తులు తట్టుకోవని రూలు. నూకరత్నం గారికి డెబ్భై మూడు. వెళ్తే మనవరాలిని మళ్ళీ చూడరు. అందుకని వెకిలితనం ఉన్నచోట కూడా దయచేసి నిదానంగా చదవండి. ఏ రోజుది ఆ రోజు రాసినదే. తర్వాత ఒక్క అక్షరం మార్చలేదు.

ఒకటో వెలుగు

అడుగూరులో తెల్లవారదు. ఆరింటికి పంపులింటి వాళ్ళు వీధి దీపాలు వేస్తారు, అదే మాకు పొద్దు. అందుకే రోజులు లెక్కపెట్టేటప్పుడు వెలుగు అంటాం. కొత్త పనికి ఇది ఒకటో వెలుగు.

నా హోదా: బాలల శయనాగార అలంకరణ విభాగం, మూడో తరగతి అలంకర్త. వాడుక భాషలో, పిల్లల పడకగదికి రంగులు పెట్టేవాడు. నాలుగేళ్ళు గృహాలంకరణ చదివినవాణ్ణి, సభాభవనాలు అలంకరించాల్సినవాణ్ణి, నన్ను ఈ విభాగంలో ఎందుకు వేశారని మా అధికారిని అడిగాను. ఆయన నా దరఖాస్తు తిప్పి చూపించి, "ఇంటిపేరు పిల్లా కదా" అన్నాడు. ఫైల్లో కూడా అదే రాశారు. నిర్ఘాంతపోయాను. ఈ ఉద్యోగంలో ఇది మొదటి నిర్ఘాంతం. వీటికి నంబర్లు వేయాలని నిశ్చయించాను.

ఇల్లు హైమ గారిది. పంపులింట్లో గాలి మీటర్ల దగ్గర పని. భర్త సరుకుల పడవ మీద ఉంటాడు, నెలకోసారి దిగుతాడు. ఇంట్లో వాళ్ళమ్మ నూకరత్నం గారు, కూతురు మౌక్తిక. మౌకి అంటారు. ఇంకో ఎనిమిది వెలుగులకి ఐదేళ్ళు నిండుతాయి.

"కాళ్ళు కడుక్కుని రా బాబూ," అన్నారు గుమ్మంలోనే నూకరత్నం గారు.

"చుట్టూ ఇంత సముద్రం పెట్టుకుని కాళ్ళు కడగడం ఏంటి మామ్మగారూ?"

"సముద్రం కాళ్ళు కడగదు నాయనా. కాళ్ళట్టుకుని లాగీసుకుంటాది. నువ్వు చెంబుతో కడుక్కో."

కడుక్కున్నాను.

గది చూశాను. మన ఇళ్ళు కట్టినవి కావు, పెంచినవి. ఆల్చిప్పల్లోని జీవమే ఈ గోడల్లోనూ ఉంది, సున్నపు తేట తాగి పెరుగుతుంది. పిల్లకి మూడేళ్ళు రాగానే ఇంటి పక్క గోడని గిల్లి ఒక బొడిపె లేపుతారు. రెండేళ్ళకి అది గదవుతుంది, తీగకి సొరకాయ దిగినట్టు. పిల్లకి ఒక్క గదే. ఐదు నిండిన నాడు అందులో పడుకోబెట్టాలి. మౌకి గది బాగా దిగింది. లేత గోడ, ముత్యంలా మెరుస్తోంది. మందం నా జానెడు. ఆ జానెడు అవతల సముద్రం, నలభై నిలువుల లోతు. చెయ్యి పెట్టి చూస్తే గోడ చల్లగా, కొంచెం ఊపిరి తీస్తున్నట్టుగా ఉంది. వెంటనే చెయ్యి తీసేశాను. నిర్ఘాంతం నంబరు రెండు.

బాలాభీష్ట పత్రం నింపాలి. అంటే పిల్లని అడిగి ఏం కావాలో రాసుకోవాలి.

"ఆకాశం," అంది మౌకి.

"రాశాను."

"ఆవు."

"రాశాను."

"లోపల్నించి గడియ."

"అది రూలు ఒప్పుకోదమ్మా. గడియ ఎందుకు నీకు?"

"అమ్మమ్మ కాటుక పట్టుకుని వస్తే వేసుకోడానికి."

"గుంటకి కాటుకెడితే కళ్ళు చల్లగుంటాయి. దానికేటి తెలుసు?" అన్నారు మామ్మగారు. ఆవిడ భాషలో గుంట అంటే పిల్ల.

"మండుతాయి," అంది గుంట.

రెండో వెలుగు

చిప్పగోడకి రంగు పూయకూడదు, ఊపిరాడదు. తినిపించాలి. పసుపు కలిపిన తేట తాగిస్తే పచ్చగా వస్తుంది, బీట్‌రూట్ తాగిస్తే గులాబీగా, నాచు తాగిస్తే ఆకుపచ్చగా. గుడ్డ ముంచి, ఎక్కడ కావాలో అక్కడ గోడకి అద్ది, గంట పట్టుకుని కూర్చోవాలి. ఉయ్యాల్లోని పిల్లకి పాలు పట్టినట్టు. నాలుగేళ్ళు చదివింది ఇందుకు.

ఆకాశం ఏ రంగు అన్న దగ్గర గొడవ వచ్చింది.

"నీలం," అన్నారు మామ్మగారు.

"బూడిద రంగమ్మా," అంది హైమ. "నేను పైకెళ్ళిన మూడుసార్లూ వానే. నాకు సెలవు దొరికేదే అప్పుడు."

నేను అడుగూరులోనే పుట్టినవాణ్ణి. పుస్తకంలో నీలం అనే ఉంది. కానీ పుస్తకంలో సాయంత్రం వేరే రంగని కూడా ఉంది. ఆ మాట చెప్పాను.

మౌకి మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. "మీరెవ్వరూ చూళ్ళేదు," అని తేల్చేసి, గులాబీ అంది. మాట్లాడకుండా బీట్‌రూట్ తురిమాను. ఆవు బొమ్మ దగ్గర, "మొప్పలేవీ? నీళ్ళలో ఎలా బతుకుద్ది మరి?" అని నిలదీసింది. ఆవు నీళ్ళలో ఉండదమ్మా అన్నాను. "మరి ఎక్కడుంటుంది?" అంది. పైన అన్నాను. "పైన ఏముంటాయి?" అంది. ఐదేళ్ళు నిండని మనిషి ముందు మూడో తరగతి అలంకర్త ఓడిపోయాడు. ఆవుకి మొప్పలు పెట్టాను. చెప్పకేం, అందంగానే ఉన్నాయి.

మూడో వెలుగు

పొద్దున్నే గుడ్డ తడిపి గదిలోకి వెళ్తే, పడక వేయబోయే వైపు గోడ మీద, నా మోకాలంత ఎత్తులో, నల్లగా ఒక చుక్క. పెసరగింజంత.

చిప్పగోడ మీద నల్లగా ఏది కనపడినా ముందు భయపడమని మా పాఠ్యపుస్తకం. గోడలకి నల్లకాలు అని ఒక జబ్బుంది, లోపల్నించి కుళ్ళబెట్టేస్తుంది. తర్వాత నేను ఏ ఊళ్ళో ఉన్నానో గుర్తొచ్చింది. అడుగూరులో పిల్ల గది ఏదైనా సరే, కాటుకతో ఒక దిష్టిచుక్క ఉండాల్సిందే. చంటిపిల్ల బుగ్గ మీద పెట్టినట్టే గదికీ పెడతారు. మరీ అందంగా ఉంటే కళ్ళు పడతాయట, అందుకని చేతులారా ఒక మచ్చ. నా గులాబీ ఆకాశం కింద, నా మొప్పల ఆవుకి జానెడు దూరంలో! కళాకారుడిగా ఏడుపొచ్చింది. కళ్ళు పడేంత అందంగా చేశానని ఒప్పుకున్నట్టే కదా అని ఓదార్చుకున్నాను.

గది బయట మామ్మగారు ఆముదం దీపం మీద రాగి రేకు బోర్లించి కాటుక పడుతున్నారు. సాక్ష్యం ఇంతకంటే ఏం కావాలి?

అడగొచ్చు కదా అంటారేమో. అడగకూడదు. పిల్ల ఆ గదిలో మొదటి నిద్ర తీసేదాకా దిష్టిచుక్క ఊసెత్తకూడదని ఇక్కడి పట్టింపు. ఎత్తితే చుక్క పని చెయ్యదట. మా అమ్మ అయితే ఆ మాటే అననిచ్చేది కాదు, "అది" అనేది.

మధ్యాహ్నం మామ్మగారు గదిలోకి వచ్చి నాలుగు గోడలూ చూశారు. చుక్క దగ్గర ఆగారు. నావైపు తిరిగి, కళ్ళతో దాన్ని చూపించి, "అంతా బాగుంది బాబూ. అదీ బాగుంది," అన్నారు.

మెచ్చుకోలు ఆశిస్తున్నారని అర్థమైంది. "చాలా బాగుంది మామ్మగారూ. అది లేకపోతే గదికి నిండుతనమే లేదు," అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఈ కాలం కుర్రోడివి, ఎంత ఇంగితం!" అన్నారు. ఇంగితం ఎందుకో తెలియలేదు. పొగిడితే కారణాలు అడిగే అలవాటు నాకు లేదు.

ఐదో వెలుగు

పడక వచ్చింది. వాళ్ళ నాన్న పడవ మీద కూర్చుని అల్లి పంపిన వల ఊయల. పాత నైలాన్ వల, నాలుగు రంగుల తాళ్ళు. గోడకి కొక్కేలు కొట్టడానికి వీల్లేదు, నొప్పెడుతుంది, కాబట్టి గోడలోంచే కొక్కెం మొలిచేలా మూడు వెలుగులుగా తినిపిస్తూ వచ్చాను. ఈరోజు ఊయల కట్టాను. మౌకి ఎక్కి, "రంగుల మావయ్యా, ఇది చేపలు పట్టేది. నేను చేపనా?" అంది. చేపలకి ఇన్ని ప్రశ్నలుండవు అన్నాను.

చుక్క శనగగింజంత అయింది. మామ్మగారు రోజూ కొత్తగా దిద్దుతున్నారన్నమాట. డెబ్భై మూడేళ్ళ చేతికి కొలత తెలియకపోవడం సహజం. అయినా కొంచెం కంగారుగా ఉంది. కాటుకలో ఆముదం ఉంటుంది, నూనె అంటిన చోట గోడకి ఊపిరాడదు. పెసరగింజ అయితే ఫర్వాలేదు. శనగగింజ ఎక్కువ.

హైమ పని నించి వచ్చి గది చూసి, గొంతు తగ్గించి, "తమ్ముడూ, అది కాస్త పెద్దదైనట్టు లేదూ?" అంది.

"అవునక్కా. పిల్లంటే ప్రాణం కదా మామ్మగారికి."

"అమ్మతో చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వు చెప్పు."

"నాకూ లేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇద్దరు చదువుకున్నవాళ్ళు, ఒక ముసలావిడ కాటుక వేలికి భయపడి, జానెడు గోడ పక్కన నిలబడి నవ్వుకున్నాం. ఇది ఎందుకు రాస్తున్నానో తెలియదు. టీ చల్లారిపోయింది.

ఏడో వెలుగు

గోడ డాక్టరు చంద్రప్రభ గారు తనిఖీకి వచ్చారు. ఆవిడ సంతకం లేనిదే పిల్లని లోపల పడుకోబెట్టకూడదు. చిన్న కొయ్య సుత్తితో గోడని కొడుతూ చెవి ఆనించి వింటారు, పుచ్చకాయ కొనేవాళ్ళలా. నాలుగు గోడలూ, పైకప్పూ, నా ఆవు పొట్ట కూడా కొట్టి విన్నారు.

"ఈవిడకి మొప్పలేంటయ్యా?"

"ఇంటివారి కోరిక మేడమ్."

చుక్క దగ్గర ఆగారు. అది ఇప్పుడు రేగుపండంత ఉంది. ఆవిడా ఈ ఊరి మనిషే, మాట అనరు. వేలితో గాల్లో సున్నా చుట్టి, కనుబొమలెత్తారు. అదేనా అని. నేను తల ఊపాను.

"పెద్దదే," అన్నారు.

"మామ్మగారి చెయ్యి పెద్దది మేడమ్."

ఆవిడ వంగి, కళ్ళద్దాలు సర్దుకుని, మచ్చ అంచు చుట్టూ చూశారు. "ఇన్ని ఇళ్ళలో ఇన్ని నల్లచుక్కలు. ఏది అదో, ఏది జబ్బో ఎలా చెప్తాననుకుంటున్నావ్? అంచు చూసి. జబ్బుకి మొదటి నించీ కాళ్ళుంటాయి, వెంట్రుకల్లాగా పక్కకి పాకుతాయి. అందుకే నల్లకాలు అన్నారు. గుండ్రంగా ఉంటే మనిషి చేసింది. దీనికి కాళ్ళు లేవు కదా?"

"లేవండి," అన్నాను.

కాగితం మీద "గుండ్రము. ఆమోదము" అని రాసి సంతకం పెట్టారు. సుత్తితో ఆ చోట కొట్టలేదు. కొడితే చెరిగిపోతుందని, మామ్మగారు బాధపడతారని. ఇది ఆవిడే అన్నారు.

ఈరోజు నిర్ఘాంతాలు లేవు. ఆకలి కూడా లేదు.

తొమ్మిదో వెలుగు

ఇకనించి నంబర్లు వేయను.

మౌకికి ఐదు నిండాయి. ఆచారం ప్రకారం నడిమధ్యాహ్నం, దీపాలన్నీ నిండుగా వెలుగుతుండగా, భోజనాలయ్యాక పిల్లని గదిలో పడుకోబెట్టారు. వీధివాళ్ళు పదిమంది తిని వెళ్ళిపోయారు. పిల్ల ఊయల్లో అటూ ఇటూ దొర్లి, ఆకాశం గురించి రెండు ఫిర్యాదులు చేసి, నిద్రపోయింది. హైమ రెప్ప తలుపు దగ్గరికి వేసి వచ్చింది. రెప్ప తలుపంటే చిప్పలా నోరు మూసుకునే తలుపు, గట్టిగా చరిస్తే బిగుసుకుపోతుంది, వేలితో తడితే మెల్లగా తెరుచుకుంటుంది.

మేం ముగ్గురం బయట కూర్చుని పాయసం తింటున్నాం. నూకరత్నం గారు తృప్తిగా నిట్టూర్చారు.

"గుంట నిద్దరోయింది. ఇంక మాటాడొచ్చు. సుక్క బాగా ఎట్టేవు బాబూ."

"ఎవరు?"

"నువ్వే. ఎవులు మరి? నాను పెడదామనుకునేలోపల నువ్వెట్టీసినావు. పరాయి పిల్లోడికి మా గుంట మీద ఇంత ఆపేచ్చేటి అని నాకు కళ్ళంట నీళ్ళొచ్చీసినాయి."

నేను నవ్వాను. "మామ్మగారూ, నేను చుక్క పెట్టలేదు. మీరు కదా పెట్టింది?"

"నానెప్పుడెట్టేను? నువ్వెట్టీసినావని నాను ఊరుకున్నాను. ఇదిగో డబ్బా, గుంట కళ్ళకి తప్ప నానిది తియ్యనేదు."

ఇద్దరం హైమ వైపు తిరిగాం. హైమ చెంచా గిన్నెలో అలాగే ఉంది.

"నేనెందుకు పెడతాను?" అంది. "అమ్మ పెట్టిందనుకున్నా."

ఏడు వెలుగులుగా ముగ్గురం ఆ మచ్చని చూశాం. ముగ్గురం మెచ్చుకున్నాం. ఒకరి పేరు చెప్పి ఒకరం నవ్వుకున్నాం. డాక్టరు సంతకం పెట్టింది. దాన్ని ఎవరూ పెట్టలేదు.

గిన్నెలు ఎక్కడ పడ్డాయో తెలియదు. హైమ వేలితో తలుపు తట్టింది. అది ఎప్పటిలాగే మెల్లగా, తన తీరిక మీద తెరుచుకుంది.

పిల్ల గోడవైపు ఒత్తిగిలి, బుగ్గ గోడకి ఆనించి నిద్రపోతోంది. చల్లగా ఉంటుందని. మచ్చ అరచెయ్యంత ఉంది. చుట్టూ కాళ్ళు. ఎనిమిదో, తొమ్మిదో. పైన అల కదిలినప్పుడల్లా ఆ నల్లటి చోటు లోపలికి ఉబ్బుతోంది, వెనక్కి వెళ్తోంది, కప్ప గొంతులాగా. దాని మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు. ఒక బొట్టు నేను చూస్తుండగానే కిందికి జారింది.

"అరవకు," అంది హైమ. ఆమె వంగి, పిల్ల కింద చేతులు దూర్చి, వలలోంచి మెల్లగా పైకి తీసింది. పిల్ల జుట్టు వలలో చిక్కుకుంది. మామ్మగారు వచ్చి, వణికే ఆ చేతులతో, ఒక్కొక్క వెంట్రుకా విడదీశారు. నేను చూస్తూ నిలబడ్డాను. సాయం చేశానని రాయాలని ఉంది. నిలబడ్డాను.

నలుగురం బయటపడ్డాం. హైమ తలుపుని రెండు చేతులతో చరిచింది. నోరు బిగుసుకుంది. లోపల గోనెసంచి చిరిగినట్టు చప్పుడైంది. తర్వాత ఇంటిని ఎవరో పక్కనించి ఒక తోపు తోసినట్టు. తర్వాత ఏమీ లేదు.

రెండేళ్ళుగా పెరిగిన గది. నీళ్ళు.

మౌకి కళ్ళు తెరిచి తలుపు వైపు చూసింది. "నా గదిలోకి ఎవరెళ్ళారు?"

పిల్ల బుగ్గ మీద నల్లగా అంటుకుని ఉంది. మామ్మగారు కొంగుతో తుడిచి, ఎందుకో కొంగుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"హైమా," అన్నారు, "ఇది ఆవదం వాసన. జబ్బుకి ఆవదం వాసన రాదే. ఇది కాటుక."

పదో వెలుగు

పంపులింటి గంట కొట్టి ఊరందరినీ పిలిచారు. ఊళ్ళో పిల్లల గదులు ఇంకా ముప్పై ఉన్నాయి. ముప్పై గదుల్లోనూ చుక్కలున్నాయి. చంద్రప్రభ గారు బల్ల ఎక్కి, జీవితంలో మొదటిసారి అందరి ముందూ ఆ మాట అన్నారు.

"మీ గదిలో దిష్టిచుక్క ఎవరు పెట్టారో, వాళ్ళు చెయ్యెత్తండి. పెట్టినవాళ్ళే ఎత్తాలి. పెట్టారనుకున్నవాళ్ళు కాదు."

ఇరవై ఆరు ఇళ్ళలో చేతులు లేచాయి. నాలుగు ఇళ్ళలో లేవలేదు. ఒక ఇంట్లో అత్త కోడలి వైపు చూసింది, కోడలు అత్త వైపు చూసింది. ఇంకో ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇంటికి పరుగెత్తారు. ఆ పరుగు చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

నాలుగు గదులూ ఖాళీ చేయించారు. రెండు చుక్కలకి కాళ్ళు సన్నగా ఉన్నాయట, భూతద్దం పెడితేగానీ కనపడనంత. ముందే దొరికాయి కాబట్టి కోసి కుట్టేస్తే ఆ గోడలు బతుకుతాయన్నారు. మిగిలిన రెండూ ఎవరో పెట్టి మర్చిపోయినవే. ఎక్కడా పిల్లలకి ఏమీ కాలేదు. దిష్టిచుక్కలు ఇక నల్లగా పెట్టకూడదని, పసుపుతో పెట్టాలని అక్కడికక్కడే తీర్మానం చేశారు. పసుపు చుక్కకి దిష్టి పోతుందా అని ఒకావిడ అడిగింది. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వకపోవడం చూసి నేనే భయపడ్డాను.

పన్నెండో వెలుగు

ఈరోజు విచారణ. నన్ను సాక్షిగా వెనక బెంచీలో కూర్చోబెట్టారు.

చంద్రప్రభ గారు ముందు చెప్పారు. "నా తనిఖీ నాడు మచ్చ గుండ్రంగా ఉంది. జబ్బు గుండ్రంగా ఉండదు. అంటే, జబ్బు మీద ఎవరో కాటుక పెట్టారు. కాళ్ళు కనపడకుండా చేశారు. పైగా ఆ నూనెకి గోడ ఊపిరాడక తనని తాను బాగుచేసుకోలేకపోయింది. ఆ కాటుక లేకపోతే నేను తనిఖీ నాడే పట్టుకునేదాన్ని. గదీ నిలిచేది."

ఆ ఇంట్లో కాటుక డబ్బా ఒక్కటే. పెద్దలు నూకరత్నం గారిని నిలబెట్టారు.

"మీరు పెట్టారా?"

"నేదు బాబూ."

"ఇంకెవరు పెడతారు?"

"నాకేటి తెలుస్తాది?"

"ఇంట్లో మీరూ, మీ అమ్మాయీ. అమ్మాయి పొద్దంతా పంపులింట్లో ఉంటుంది. డబ్బా మీది. ఒకసారి జ్ఞాపకం చేసుకోండి."

మామ్మగారు చాలాసేపు తన చేతుల్ని చూసుకున్నారు. హైమ పక్కన మౌకి కూర్చుని, కాళ్ళు ఊపుతూ, "అమ్మమ్మ పెట్టలేదు. అమ్మమ్మ పెడితే మండుద్ది, నాకు తెలుస్తుంది," అంది. ఎవరో ఉష్ అన్నారు.

అప్పుడు నూకరత్నం గారు తల ఎత్తారు. ఆ గొంతు నేను పన్నెండు వెలుగుల్లో ఎప్పుడూ వినలేదు.

"ఎట్టీసి మర్సిపోయేనేటో బాబూ. వయసొచ్చీసింది కదా. నిన్న ఉప్పేసేనో నేదో ఇయ్యాల గుర్తుండదు. గుంట మీద పేణంతో, తెల్లక, ఎట్టీసే ఉంటాను. నన్ను పైకంపించీయండి. మల్లీ ఎట్టీగలను, నా మీద నాకు నమ్మకం నేదు."

హైమ "అమ్మా" అంది. ఆమె కళ్ళలోనూ అదే అనుమానం మొదలైంది, నేను చూశాను. తల్లిని చూసే చూపు కాదది. తలుపు బిగించేముందు గోడని చూసిన చూపు.

పెద్దలు రేపు తీర్పు చెప్తామన్నారు. అందాకా నా చిట్టా ఇవ్వమన్నారు. ఇస్తున్నాను, మీరు ఇక్కడిదాకా చదివారు. ఏ రోజుది ఆ రోజు రాసినదే, ఒక్క అక్షరం మార్చలేదు అన్నాను. అది నిజం. నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. "నేను చుక్క పెట్టలేదు" అన్నాను, అదీ నిజమే. మొదట్లో చెప్పిన క్షమాపణలన్నీ నేను చేయనివాటికీ, చేసినా ఎవరికీ ఏమీ కానివాటికీ. ఇప్పుడు చేసినది చెప్తాను.

మూడో వెలుగున నేను చూసినప్పుడు ఆ చుక్క గుండ్రంగా లేదు. దాని పక్కన వెంట్రుకంత గీత ఒకటి ఉంది. మామ్మగారి చెయ్యి వణికి ఉంటుందనుకున్నాను. అంత చక్కటి గోడ మీద ఆ వంకర చూడలేకపోయాను. ఆవిడ కాటుక డబ్బా గట్టు మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళినప్పుడు, చిటికెనవేలు ముంచి, గీత కనపడకుండా చుట్టూ దిద్దాను. ఐదో వెలుగున రెండు గీతలొచ్చాయి. మళ్ళీ దిద్దాను. ఏడో వెలుగు పొద్దున్న, డాక్టరు గారు వచ్చే అరగంట ముందు, నాలుగున్నాయి. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

అనుమానం వచ్చాక ఇంకా శ్రద్ధగా దిద్దాను.